మింగని గుక్క

అరటిపువ్వు ఒలిచేటప్పుడు పుష్పలతతో ఎవరూ మాట్లాడరు. మాట్లాడినా జవాబు రాదు. చేతులకి నూనె రాసుకుని, ఎర్రటి డొప్పలు ఒక్కొక్కటే విప్పి, లోపలి సన్నటి పువ్వుల్లోంచి ఎంతసేపు ఉడికించినా ఉడకని గట్టి పుల్లని గిల్లి పారేస్తుంది. మిగిలినదాన్ని సన్నగా తరిగి ఉప్పు కలిపిన మజ్జిగలో వేస్తుంది. అలా వెయ్యకపోతే పువ్వు నల్లబడుతుంది, వగరు విరగదు. వగరు విరగని కూర తిన్నవాడు వంటమనిషిని తిట్టకుండా లేవడు.

ఆ బుధవారం పొద్దున్న మాత్రం హైదరాబాదు నుంచి వచ్చిన శ్రీవిద్య స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, నూలు చీర, ఒళ్ళో నోటుపుస్తకం.

"మజ్జిగ ఎందుకండీ?"

"వగరు పోడానికండి."

"మరి ఉప్పు?"

"అదీ అందుకేనండి. వగరుకి ఉప్పు మొగుడండి. నెయ్యో, కొబ్బరిపాలో తగిల్తే ఇంకా లొంగుతాదండి. చింతపండు మాత్రం తగలకూడదు. వగరూ పులుపూ కలిసేయంటే ఇంక నోరు నోరు కాదండి."

శ్రీవిద్య ఆ మాటలు గబగబా రాసుకుంది. వంటింట్లో అనుకున్న మాట ఎవరైనా రాసుకోవడం పుష్పలత ఇరవై ఏళ్ళ వంటలో ఎప్పుడూ చూడలేదు. కొంచెం గర్వంగానే అనిపించింది. పుల్ల గిల్లడం మాత్రం ఆపలేదు.

రాజోలు దగ్గర వశిష్ఠ గోదారి గట్టు మీద ఉన్న ఆ రిసార్టులో శనివారం మధ్యాహ్నం పెద్ద విందు. వ్యవసాయశాఖలో పనిచేసి రిటైరైన భాస్కరరావు అనే ఆయన, మెట్టసీమలో ఉన్న తన తోటలో నేరేడు పళ్ళతో ఎర్ర వైను తీశాడు. లైసెన్సు వచ్చింది, సీసాలు వచ్చాయి. హోటళ్ళవాళ్ళని నలభైమందిని పిలిచి, మన వైను మన వంటతో రుచి చూపించాలని ఆయన సరదా. ఏ వంటకి ఈ వైను నప్పుతుందో చెప్పి, కార్డు మీద రాసిపెట్టే పనికి శ్రీవిద్యని పిలిపించారు. దేశంలో ఎక్కడెక్కడో వైన్లు రుచి చూసి మార్కులు వేసిన మనిషి. పుట్టినూరు మాత్రం అమలాపురమే. తాతగారు వేదపండితుడు.

చిక్కు అక్కడే వచ్చింది. విందులో అయిదు వంటలుంటే మూడు నీసు. శ్రీవిద్య నీసు ముట్టదు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

పదకొండు గంటలకి వంటింట్లో ఇద్దరే మిగిలారు. పొయ్యి పక్క బల్ల మీద గోంగూర మాంసం, చింతచిగురు రొయ్యలు, మాంసం వేపుడు చిన్నచిన్న గిన్నెల్లో ఉన్నాయి. శ్రీవిద్య తలుపు దగ్గరికి వేసి, దాని పక్కనే స్టూలు మీద కూర్చుని, సీసా మూత తీసి, గ్లాసులో రెండు వేళ్ళ లోతు పోసింది. ముదురు ఎరుపు, అంచున ఊదారంగు.

"పుష్పలతగారూ, మీరొక సాయం చెయ్యాలి. ఇది నోట్లో పోసుకుని, ఆ మాంసం తిని, మళ్ళీ పోసుకుని ఎలా ఉందో చెప్పాలి."

పుష్పలత చెయ్యి కడుక్కుంటున్నదల్లా ఆగింది. "నేనాండీ? నేను మందు ముట్టుకోనండి. మా పేటలో బెల్టుషాపు మూయించింది నేనేనండి. స్త్రీల సమాజానికి ప్రెసిడెంటునండి నేను."

"మింగక్కర్లేదండీ. నోట్లో తిప్పి ఉమ్మెయ్యడమే. మేమూ అంతే చేస్తాం, మింగితే సాయంత్రానికి నిలబడగలమా? మీ నాలిక మంచిది కాబట్టి అడుగుతున్నాను. నేను మాంసం తిననండీ. ఎవరికీ చెప్పకండి."

పుష్పలత ఆ గ్లాసు కేసి చూసింది. ఉప్పు చూడకుండా ఒక్క గిన్నె కూడా బయటికి పంపని మనిషి. ఈ ఎర్రటి నీళ్ళు దేని పక్కన కూర్చుంటాయో తెలియకుండా శనివారం నలభైమందికి వడ్డించడం ఆవిడకి మనస్కరించలేదు. అసలు కారణం అదే. మొహమాటం కాదు, ఆశ అంతకన్నా కాదు.

మొదటి గుక్క ఉత్తిదే పోసుకుంది. పుక్కిలించి, తొట్టి దగ్గరికి వెళ్ళి ఉమ్మేసింది. నాలికతో పళ్ళు తడుముకుంది.

"నేరేడు పిక్క కొరికినంత వగరండి."

గోంగూర మాంసం ఒక ముక్క తిని, మళ్ళీ గుక్క పోసుకుంది. మొహం చిట్లించి ఒక్క పరుగున తొట్టి దగ్గరికి వెళ్ళింది.

"ఇనపమేకు చప్పరించినట్టుందండి. గోంగూర వద్దండి బాబూ. మాంసం పరువూ పోద్ది, మందు పరువూ పోద్ది."

చింతచిగురు రొయ్యలకి ఇంకా ఘోరంగా ఉంది. వేపుడు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తొందర తగ్గింది. ముక్క నమిలింది, గుక్క పోసుకుంది, కళ్ళు మూసుకుంది. ఉమ్మేసి వచ్చి, మూకుడు మళ్ళీ పొయ్యి మీద పెట్టి, కాస్త ఉప్పూ, మిరియాల పొడీ, గుప్పెడు కొబ్బరికోరూ వేసి మళ్ళీ వేపింది. మాంసంలో కొవ్వు ఉన్న ముక్కలే ఏరి తీసింది. మళ్ళీ ముక్క, మళ్ళీ గుక్క.

"ఇదండి. ఇప్పుడు వగరు లొంగింది, పండు వాసన పైకొచ్చింది. కానీ ముందు ముక్క తినాలండి, తరవాత గుక్క. ముందు గుక్క తాగితే ముక్క చప్పగా అయిపోతాది. రొయ్యలు కూడా చిగురు మానేసి కొబ్బరిపాలల్లో చేస్తానండి, చూడండి."

పదకొండుసార్లు నోట్లో పోసుకుంది, పదకొండుసార్లు ఉమ్మేసింది. అన్న ప్రతి మాటా శ్రీవిద్య రాసుకుంది. చివర్న ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీది నాలిక కాదండీ, బంగారం" అంది.

"ఊరుకోండమ్మా" అని పుష్పలత సిగ్గుపడి, నోరు నాలుగుసార్లు నీళ్ళతో పుక్కిలించి, అరటిపువ్వు మజ్జిగలోంచి పిండడానికి వెళ్ళిపోయింది.

గురువారం పదింటికి మేనేజరు రఘురామ్ కబురు పెట్టాడు. పుష్పలత కొంగుకి చేతులు తుడుచుకుంటూ ఆఫీసు గదిలోకి వెళ్ళింది. రఘురామ్ ఆవిడకన్నా పదిహేనేళ్ళు చిన్న. కోనసీమలో కోడిని కూడా అండీ అని పిలుస్తారంటారు గానీ, ఆయన నోట్లో ఆ మాట అతిథులకి మాత్రమే పలుకుతుంది.

"ఇటు రా. ఇది చూడు."

సెల్‌ఫోన్లో వంటింటి కెమెరా బొమ్మ. బల్ల దగ్గర పుష్పలత గ్లాసెత్తి నోట్లో పోసుకుంది. కాసేపయ్యాక మళ్ళీ. మళ్ళీ. కెమెరాకి పొయ్యీ, బల్లా కనిపిస్తాయి. తొట్టి కనిపించదు, తలుపు పక్కన శ్రీవిద్య కూర్చున్న స్టూలు కనిపించదు. బొమ్మలో ఉన్నది ఒక ఆడమనిషి, ఒక గ్లాసు.

"సీసాలో సగం లేదు. ఏం సంగతి?"

"శ్రీవిద్యగారు రుచి చూడమన్నారండి. నోట్లో పోసుకుని ఉమ్మేసేనండి."

"ఉమ్మేసేవా!" రఘురామ్ నవ్వాడు. "బాగుందమ్మా. చర్చిలో పోస్తారుగా మీకు, అదీ ఉమ్మేస్తారేంటి?"

పుష్పలతకి చెవులు భగ్గుమన్నాయి. ప్రభువు బల్ల దగ్గర చెంచాడు ద్రాక్షరసం. దాన్ని ఈయన ఇలా నోట్లో వేసుకుని నములుతాడా? నోటిదాకా వచ్చిన మాట ఆపుకుంది. వచ్చిన సంగతి తేలాలి ముందు.

"ఆవిణ్ణే అడగండి సార్."

అడిగాడు. శ్రీవిద్య వచ్చి గుమ్మంలో నిలబడింది. రఘురామ్ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోమని, మంచినీళ్ళు తెప్పించి, ఎంతో మర్యాదగా అడిగాడు. "మేడమ్, మీరేమైనా ఈవిడకి వైను ఇచ్చేరాండీ?"

శ్రీవిద్య కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది.

"సీసా వంటింట్లో పెట్టేనండీ. తర్వాత... నేను గమనించలేదు."

అంతే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తలొంచుకుని వెళ్ళిపోయింది. నిన్న చెయ్యి పట్టుకున్న మనిషి ఇవాళ మొహం కూడా చూడలేదు.

రఘురామ్ తెల్లకాగితం ఒకటి ముందుకి తోశాడు. "ఎవరికీ చెప్పన్లే. బెల్టుషాపు మూయించిన లీడరువి, పేటలో తెలిస్తే బాగోదు. 'డ్యూటీలో మద్యం సేవించాను, తప్పయిపోయింది, క్షమించండి' అని రాసి సంతకం పెట్టు. శనివారం విందు ముగిసేలోపు నా చేతిలో ఉండాలి. లేదంటే ఆదివారం నుంచి రానక్కర్లేదు."

అలాంటి కాగితాలు ఆయన దగ్గర ఒక ఫైలునిండా ఉన్నాయని అందరికీ తెలుసు. తోటమాలిది ఒకటి, బట్టలుతికే ఆవిడది ఒకటి. చేసిన తప్పుకీ రాయించుకున్నాడు, చెయ్యని తప్పుకీ రాయించుకున్నాడు. కాగితం ఫైల్లో ఉన్న మనిషి వారపు సెలవు అడగడు. పోయిన నెల వంటింటివాళ్ళందరి తరఫునా వారానికొక సెలవు కావాలని అడిగింది పుష్పలతే. ఆవిడ కాగితం ఒక్కటే ఇన్నాళ్ళూ ఆ ఫైల్లో లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త అప్పారావు మలికిపురం నుంచి వచ్చి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. కొబ్బరికాయల కొట్లో వలుపు పని ఆయనది. పొద్దస్తమానం గునపం మీద కాయలు వలిచి అరిచేతులు గట్టిపడిపోయాయి. చర్చి సంఘంలో పెద్ద కూడా. పుష్పలత జరిగినదంతా చెప్పింది. ఆయన చెంబు కింద పెట్టి, అంతా విని, ఒకటే అడిగాడు.

"తాగేవా?"

"ఉమ్మేసేనని చెప్పేను కదా!"

"నాతో అయితే చెప్పేవు. పేటకెలా చెప్తావే? నోట్లో పోసుకుంది నిజమేగా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

పుష్పలత పొయ్యి ముట్టించింది. కోపం వస్తే ఆవిడ అరవదు, గిన్నెలు గట్టిగా పెడుతుంది. ఆ పూట బియ్యం గిన్నె చప్పుడు మూడిళ్ళకి వినిపించింది.

"పోనీ మానెయ్యి" అన్నాడు అప్పారావు. "ఈ ముక్క రాసియ్యొద్దు, ఆ పనీ వద్దు. ఇంకోచోట వండుకోవచ్చు."

"మానేస్తే తాగినట్టే. తాగి దొరికిపోయి పారిపోయిందంటారు. రాస్తే తాగేనని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు. అటైనా నేనే తాగుబోతుని, ఇటైనా నేనే. ఆవిడ తాగితే ఉద్యోగం, నేను ఉమ్మేసినా తాగుడు! ఇదెక్కడి న్యాయమండీ?"

అప్పారావు కాళ్ళు తుడుచుకుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అన్నం తినేటప్పుడు, "నువ్వు అబద్ధం రాయొద్దు. ఏం జరిగిందో అదే రాయి" అన్నాడు, కంచంలోకి చూస్తూ.

శుక్రవారం వంటింట్లో కొబ్బరి కోరుతుంటే శ్రీవిద్య వచ్చి వెనకాల నిలబడింది. పుష్పలత కోరడం ఆపలేదు.

"సారీ అండీ. నిన్న నాకు మాట రాలేదు. మాంసం తినని మనిషి మాంసానికి జత చెప్పిందని తెలిస్తే నన్నింక ఎవరూ పిలవరు. నా పదేళ్ళ కష్టమండీ. మా ఇంట్లో పోట్లాడి నేర్చుకున్న పని." ఆవిడ ఇంకొంచెం ముందుకి వచ్చింది. "మీకైతే ఒక్క కాగితమే కదా. లోపల ఫైల్లో ఉండిపోతుంది, ఎవరు చూస్తారు?"

కోరాం మీద చెయ్యి ఆగిపోయింది.

"మీకు పోయేదైతే పరువాండీ? నాకు పోయేదైతే కాగితమాండీ?"

పుష్పలత కొబ్బరి చిప్ప పక్కన పెట్టింది.

"మీరు మాంసం తినరని నేను ఎవరితోనన్నా అన్నానాండీ? నిన్న ఆ గదిలో అనుంటే నా తల బరువు అక్కడే తీరిపోయేదండి. చెప్పొద్దన్నారు, చెప్పలేదు. మీరు ఒక్క మాట చెప్పుండాల్సింది, చెప్పలేదు. వెళ్ళండమ్మా, కొబ్బరిపాలు తియ్యాలి."

శనివారం మధ్యాహ్నానికి గోదారి గట్టు మీద షామియానా, తెల్లగుడ్డ పరిచిన బల్లలు, ప్రతి కుర్చీ ముందూ ఒక అట్టకార్డు. పుష్పలత తెల్లవారకముందే వచ్చింది. మాంసం మీద కొవ్వు తగినంత ఉంచి కోయించింది, ఉప్పు రెండుసార్లు చూసింది, రొయ్యలు కొబ్బరిపాలల్లో ముడుచుకోకముందే దింపింది. ఎవడి మీదో ఉన్న కోపం కూర మీద చూపించేంత తక్కువ వంటమనిషి కాదు. వడ్డించే కుర్రాళ్ళలో ముగ్గురు వాళ్ళ పేటవాళ్ళే. వాళ్ళలో మధుబాబు ఒక కార్డు తెచ్చి చూపించాడు.

"చూసేరా అక్కా, అచ్చు మీరు మాట్లాడినట్టే ఉంది."

వేపుడు పేరు కింద ఉంది: 'నేరేడు పిక్క కొరికినంత వగరు. కొవ్వుకీ ఉప్పుకీ లొంగి, పండు వాసన పైకొస్తుంది.' అట్ట అడుగున: 'జత కూర్చినది శ్రీవిద్య.' పుష్పలత రెండుసార్లు చదివి, కార్డు తిరిగి ఇచ్చేసింది.

రఘురామ్ వంటింటి గుమ్మంలోకి తొంగి చూశాడు. "కాగితం?"

"రాసేనండి. వడ్డన కానివ్వండి, తెస్తాను."

వేపుడు వెళ్ళిన అయిదు నిమిషాలకి ఆవిడ చేతులు కడుక్కుని, మడత పెట్టిన కాగితం పట్టుకుని గట్టు మీదికి వెళ్ళింది. రఘురామ్ మధ్య బల్ల దగ్గర, భాస్కరరావుగారి కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. పక్క కుర్చీలో శ్రీవిద్య. భాస్కరరావు గ్లాసు ఎత్తి ఒక పెద్ద గుక్క తాగి, అప్పుడు ముక్క నోట్లో వేసుకున్నాడు. నములుతూ మొహం అదోలా పెట్టాడు.

"ఏమ్మా, ముక్క చప్పగా ఉందేంటి? ఉప్పు తగ్గిందా?"

శ్రీవిద్య తడబడింది. ఆవిడ కంచంలో వేపుడు అలాగే ఉంది. "అది... ఒక్కొక్కరికి ఒక్కోలా..."

వేపుడుకి ఉప్పు తగ్గిందన్న మాట పుష్పలత వినీ ఊరుకోగలదా?

"ముందు ముక్క తినాలండి" అంది. "తరవాత గుక్క."

భాస్కరరావు తల తిప్పి చూశాడు. "ఎవరమ్మా నువ్వు?"

"వండినదాన్నండి."

"ముందు ముక్క తినాలని నీకెలా తెలుసు? తాగి చూశావా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. వడ్డించే గిన్నెతో మధుబాబు ఆగిపోయాడు. రఘురామ్ పెదాల మీద చిన్న నవ్వు కనిపించింది. ఇంతమంది ముందు, పేట కుర్రాళ్ళ ముందు, తన నోటితోనే చెప్పాలి. పుష్పలత కాగితం మడత విప్పింది.

"మేనేజరు గారు ఆ సంగతే రాసిమ్మన్నారండి. ఇందులో రాసేను. చదవమంటారా?"

"ఇటివ్వు, తర్వాత చూద్దాం" అని రఘురామ్ చెయ్యి చాపాడు.

"చదవమ్మా" అన్నాడు భాస్కరరావు.

ఆదివారం వాక్యం చదివే గొంతుతోనే చదివింది. "మేనేజరు గారికి, వంటమనిషి పుష్పలత రాసేది. బుధవారం పదకొండు గంటలకి శ్రీవిద్యగారు పోసి ఇస్తే ఈ వైను పదకొండుసార్లు నోట్లో పోసుకున్నాను. పదకొండుసార్లూ తొట్టిలో ఉమ్మేశాను. ఒక్క గుక్కా మింగలేదు. మొదటిసారి ఉత్తి వైను. నేరేడు పిక్క కొరికినంత వగరు. రెండోసారి గోంగూర మాంసం తరవాత. ఇనపమేకు చప్పరించినట్టుంది, అందుకని గోంగూర వద్దన్నాను. మూడోసారి చింతచిగురు రొయ్యలు. అంతకన్నా ఘోరం. నాలుగోసారి వేపుడు. తరవాత ఉప్పూ కొబ్బరీ సరిచేసి నాలుగుసార్లు. కొవ్వుకీ ఉప్పుకీ వగరు లొంగింది, పండు వాసన పైకొచ్చింది. మిగతా మూడుసార్లూ కొబ్బరిపాల రొయ్యలకి. ఇది నా పని. పని చేసినందుకు నేను క్షమాపణ చెప్పను."

నలభైమందిలో ఎవరో కార్డు తిరగేసిన చప్పుడు వినిపించింది. భాస్కరరావు ముందు కార్డు చూశాడు, తర్వాత శ్రీవిద్యని చూశాడు. ఒక ముక్క తీసుకుని నమిలి, మింగి, అప్పుడు ఒక చిన్న గుక్క తాగాడు.

"మాట నిజం" అన్నాడు.

శ్రీవిద్య ఈసారి కళ్ళద్దాలు తియ్యలేదు. "ఆవిడ మాటలేనండీ. నేనే పోసి ఇచ్చేను. ఆవిడ ఉమ్మెయ్యడం నేను చూసేను. నేను మాంసం తిననండీ." చివరి మాట చాలా మెల్లిగా అంది. అయినా బల్ల చివరిదాకా వినిపించింది.

"సరే సరే, అయిపోయిందిగా" అంటూ రఘురామ్ నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "ఇటివ్వండి పుష్పలతగారూ, మీరు లోపలికి వెళ్ళండి."

ఇక్కడ పనిచేసిన మూడేళ్ళలో ఆయన నోట్లోంచి ఆవిడ పేరు పక్కన 'గారూ' అన్న మాట రావడం అదే మొదలు. పుష్పలతకి అది సంతోషం కలిగించలేదు. ఇంత చవగ్గా వచ్చే మాటని ఇన్నాళ్ళూ దాచుకున్నందుకు ఒళ్ళు మండింది.

"సంతకం పెట్టలేదండి ఇంకా. పెన్నివ్వండి."

ఆయన జేబులోని పెన్ను ఇచ్చాడు. ఆవిడ కాగితాన్ని తెల్లగుడ్డ మీద పరిచి, పొడి అక్షరాలు కాకుండా పేరంతా రాసి సంతకం పెట్టింది. తర్వాత కాగితాన్నీ పెన్నునీ శ్రీవిద్య ముందుకి జరిపింది. శ్రీవిద్య కాగితం కేసి చూసింది, కార్డు అడుగున ఉన్న తన పేరు కేసి చూసింది. పెన్ను తీసుకుని, పుష్పలత పేరు కింద సంతకం పెట్టింది.

పుష్పలత ఆ కాగితం తీసి రఘురామ్ చేతిలో పెట్టింది.

"ఫైల్లో పెట్టుకోండి సార్. ముందు జిరాక్సు ఒకటి తీయించి నాకివ్వండి. రేపు ఆదివారం, మా సంఘంలో చదవాలి."

జిరాక్సు మిషను రిసెప్షన్లోనే ఉంది, నలభై అడుగుల దూరం. రఘురామ్ కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కొబ్బరిపాలు విరిగిపోతున్నాయని వంటింట్లోంచి ఎవరో కేకేశారు. పుష్పలత కదల్లేదు.